ఆఁ గారూ, ఉప్పురాణీ, మా పడమటి కయ్యా

మా ఆయనకు పక్షవాతం వచ్చి మాటలన్నీ పోయాక ఒక్కటి మాత్రం మిగిలింది. ఆఁ.

"కాఫీ తాగతావా" అంటే ఆఁ. "దుప్పటి కప్పేదా" అంటే ఆఁ. చూడ్డానికి వచ్చినవాళ్లు మంచం మీదికి వంగి "నేనెవురో తెలిసిందా మామా" అంటే దానికీ ఆఁ. తోటపల్లి గూడూరు చుట్టుపక్కల రొయ్యల గుంటల మీద ఏళ్ల తరబడి నిలబడి, ఈ గట్టు మీంచి ఆ గట్టు మీది మనిషిని కేకేసి పనిచేయించిన గొంతు అది. ఒక్క అక్షరానికి వచ్చి ఆగింది. అయినా అందరం సంతోషించాం. పోతే పోయాయి, దేవుడు దయతలిచి మంచి మాటే ఉంచాడని మా ఆడబిడ్డ అంది. వద్దు, కాదు, పో అనే మాట మిగిలుంటే వదిన గతేం కావాలి అని నా ముందే నవ్వింది. నాకు కోపం రాలేదు. పొద్దున లేచి కాళ్లు కింద పెట్టకముందే అలిసిపోయే రోజులవి. ఎదురు చెప్పని రోగి దొరికాడు, చాలనుకున్నాను.

మాకు పిల్లలు లేరు. ఆ సంగతి ఇంతటితో సరి. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆయన్ని లేపి కూర్చోబెట్టడం, కుడిచెయ్యి, కుడికాలు తైలం పెట్టి రుద్దడం, అన్నం మెత్తగా పిసికి నోట్లో పెట్టడం, మూతి తుడవడం, మళ్లీ పడుకోబెట్టడం. అంతా అయ్యేసరికి మళ్లీ మొదటిది మొదలయ్యేది. నెల్లూరులో డాక్టరు, "మాట వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమమ్మా, మీరు మాత్రం ఆయనతో మాట్లాడుతూనే ఉండండి" అన్నాడు. ఏం మాట్లాడను? ఇన్నేళ్ల కాపురంలో మాట్లాడుకోవాల్సినవి ఎప్పుడో అయిపోయాయి. మొదటి నెలలో ఊళ్లో సంగతులన్నీ చెప్పాను. రెండో నెలలో చెప్పినవే చెప్పాను. ఆ తర్వాత టీవీ పెట్టి వదిలేశాను.

అప్పుడు మా తమ్ముడు వచ్చాడు. వాడికి ముత్తుకూరులో సెల్‌ఫోన్ల షాపు ఉంది. కరెంటు ప్లాంటులో పనిచేసే కుర్రాడెవరో ఊరు వదిలి వెళ్తూ, టీవీకి తగిలించుకునే ఆటల మిషను ఒకటి వాడి దగ్గర పడేసి పోయాడట. దాన్ని సంచిలో వేసుకుని తెచ్చాడు.

"ఈ వయసులో ఆయనకి వీడియో గేములేందిరా?" అన్నాను.

"తుపాకులు కాల్చేది కాదక్కా. ఇది కథ. ఒక దేశం, మనుషులు, మంత్రాలు, యుద్ధాలు. మన వంతు వచ్చిందనుకో, మనం ఏదో ఒకటి చేసేదాకా అవతలోడు కత్తెత్తి అట్టనే నిలబడుంటాడు. ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. బావకి ఎడంచెయ్యి బాగనే ఉండాది గదా, ఆడించనీ. ఊరికే గోడ చూస్తా పడుకుంటే బుర్ర తుప్పు పట్టిపోతాది." తర్వాత మంచం వైపు తిరిగి, "ఆడతావా బావా?" అన్నాడు.

"ఆఁ" అన్నాడు మా ఆయన.

ఆటలో మొదట మన మనిషి ఎవరో ఎంచుకోవాలి. తెర మీద వరసగా బొమ్మలు నిలబడ్డాయి. మొదటిది, నడుముకు కత్తి కట్టుకున్న జడల అమ్మాయి. "ఈ పిల్లేనా బావా?" అంటే ఆఁ. తర్వాత ఆ పిల్లకు పేరు పెట్టాలి. ఇంగ్లీషు అక్షరాలన్నీ గళ్లలో వచ్చాయి. "ఈ మొదటి అక్షరమా?" ఆఁ. "దీని తర్వాత మళ్లా ఇదేనా?" ఆఁ. తమ్ముడు నొక్కుతూ పోయాడు. పేరు పట్టేంత చోటంతా ఒకటే అక్షరం బారుగా పడింది. వాడు నెత్తి కొట్టుకుని నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. ఆ పేరు ఎట్లా పలకాలో తెలియక నేను ఆఁ అనే చదివాను. అట్లా మీసాలున్న మా ఆయన జడలమ్మాయి అయ్యాడు, పేరు ఆఁ. దేశం దేశమంతా "ఆఁ గారూ, మమ్మల్ని కాపాడండి" అని వెంటపడింది.

ఆడే తీరు ఇది. చేతిలో పట్టుకునే రిమోటుకు ఎడమపక్క ఒక బొడిపె, కుడిపక్క మీటలు. ఎడమ బొటనవేలితో బొడిపెను కదిపితే తెర మీద బాణం కదులుతుంది. బాణం కావలసిన చోటికి పోయాక కుడిపక్క మీట నొక్కాలి. ఆయనకు కుడిచెయ్యి రాదు కాబట్టి బాణం ఆయన పని, మీట నా పని. ఇద్దరం మంచం మీద ఒకరినొకరు ఆనుకుని కూర్చునేవాళ్లం. పెళ్లయిన కొత్తలో కూడా అంత దగ్గరగా అంతసేపు కూర్చున్న గుర్తు లేదు.

ఆ దేశం కథ కొంచెం చెప్పాలి. ఒకప్పుడు అది తియ్యనీళ్ల దేశమట. సముద్రం అడుగు నుంచి ఉప్పురాణి అనే మాయలాడి లేచి వచ్చి ఒక్కో బావినీ ముట్టుకుంటూ పోయింది. ముట్టుకున్న బావి ఉప్పుబావి. దాని చుట్టూ పైరు మాడిపోతుంది, ఊరు ఖాళీ అవుతుంది. ఇక మిగిలింది కొండల నడుమ ఒకే ఒక్క బావి. దాన్ని కాపాడటానికి ఆఁ గారూ, ఇంకో ముగ్గురూ బయల్దేరతారు. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. నీళ్లు ఉప్పు చెయ్యడానికి మాయలాడి ఎందుకు? మా వైపు వచ్చి చూడమనండి. రెండు పొక్లెయిన్లు, ఉప్పుకాలువ మీద ఒక మోటారు చాలు.

మాటలన్నీ ఇంగ్లీషులో తెర కింద పడేవి. నేను నెల్లూరులో డిగ్రీ చదివాను, అదీ తెలుగు మీడియంలో. కూడబలుక్కుని చదివి ఆయనకు తెలుగులో చెప్పేదాన్ని. అక్కడే చిక్కొచ్చింది. ఇంగ్లీషులో అందరికీ ఒకటే యూ. ముసలామెకూ యూ, దొంగకూ యూ, దయ్యానికీ యూ. ఎవరికి ఎవరు ఏమవుతారో తేలకుండా తెలుగులో నోరెట్లా తెరవడం? కాబట్టి వరసలు నేనే కలిపాను. మంత్రాలు వేసే ముసలామె చేతిలో ఎప్పుడూ లాంతరు ఉంటుంది. మంత్రం వేసినప్పుడల్లా ఆమె చూపు రవంత తగ్గుతుంది. ఆమె పేరు దీపం అవ్వ అన్నాను. ఆమె మన జడలమ్మాయిని "అమ్మణ్ణీ" అంటుంది. టోపీ పెట్టుకున్న పొట్టి దొంగ ఒకడున్నాడు, నోరు మూయడు. వాడి చేత నెల్లూరు ఆటోవాళ్ల భాష మాట్లాడించాను. నాలుగోవాడు మోతగాడు. తాటిచెట్టంత మనిషి, అందరి మూటలూ వాడి వీపు మీదే, మాట మాత్రం ఒక్కటీ రాదు. దొంగ వాణ్ణి "అన్నా" అని పిలుస్తాడు. ఉప్పురాణి నోట మాత్రం అందరినీ మీరు, గారు అనే మర్యాద పెట్టాను. మర్యాద మరీ ఎక్కువైన మనిషిని చూస్తే నాకు భయం. పొలం లీజుకు అడగడానికి వచ్చేవాళ్లు అట్లాగే మాట్లాడతారు.

మధ్యాహ్నం ఆయనకు అన్నం పెట్టాక ఆట మొదలయ్యేది. నేను తినేది ఆట చూస్తూనే. దారిలో నలుగురూ మంట వేసుకుని కూర్చున్నప్పుడు ఉన్న తిండి ఎవరికెంతో పంచాలి. ఆయన బాణం ముందు మోతగాడి మీదికే పోయేది. పెద్ద వాటా వాడికే. చివరికి ఆఁ గారికి ఏమీ మిగిలేది కాదు. "నీకు లేకుండా పెడితే రేపు కత్తెట్టా తిప్పతావు?" అని నేను దెప్పేదాన్ని. ఆయన వినేవాడు కాదు. మనిషి బాగున్నప్పుడూ అంతే. గుంటల దగ్గర కాపలా వాళ్లకు పెట్టేదాకా తను చెయ్యి కడిగేవాడు కాదు.

ఇంకో పేచీ దొంగతో. వాడు ప్రతి ఊళ్లోనూ ఎవరింట్లోనో దూరి, మూలనున్న పెట్టె చూపించి "తెరిచేదా?" అంటాడు. తెర మీద ఎస్, నో అని రెండు మాటలు పడతాయి. "పెట్టె తెరుస్తాడంట, సరేనా?" అని నేను అడుగుతాను. ఆయన "ఆఁ" అంటాడు. అంటూనే బొటనవేలు కదిలి బాణం నో మీదికి పోతుంది. పాపం, వేలు వణుకుతోంది అనుకునేదాన్ని. ఆయన వేలి మీద నా వేలు పెట్టి, బాణాన్ని ఎస్ మీదికి తెచ్చి మీట నొక్కేదాన్ని. అట్లా ఆ దేశంలో ఎన్ని కొంపలు దోచామో. ఒకసారి ఆయన రిమోటును విసురుగా కిందికి తోసేశాడు. అలిసిపోయాడని పడుకోబెట్టాను.

ఇక పడమటి కయ్య సంగతి. మా వైపు వరిమడిని కయ్య అంటాం. మా ఆయన ఊరందరి కయ్యలూ లీజుకు తీసుకుని గుంటలు తవ్వించాడు గానీ, మా ఇంటికి పడమట ఉన్న ఒక్క కయ్యను మాత్రం ముట్టనివ్వలేదు. అందులో జిలకర మసూరి వేయించి, ఇంట్లోకి ఆ బియ్యమే ఉంచేవాడు. "రొయ్య అమ్ముకునేదానికి, వడ్లు తినేదానికి" అనేవాడు. చుట్టూ గుంటలే కాబట్టి ఉప్పు ఊట దిగి గట్టు వెంబడి పైరు ఎర్రబడేది. ఎవరైనా ఎత్తిపొడిస్తే "నేను చేసిన పాపం నా కయ్యకే తగలతా ఉండాది, తగలనీ" అని నవ్వేవాడు. దాని మీదే అన్నదమ్ములకు చెడింది. మా మరిది దాన్ని కూడా గుంట చేద్దామన్నాడు. ఈయన వద్దన్నాడు. మాటా మాటా పెరిగి ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. ఈయన పడిపోయాకే మరిది మళ్లీ మా గడప తొక్కాడు. చెడ్డవాడని అనను. ఆస్పత్రి వరండాలో నాతోపాటు నేల మీద పడుకున్నది అతనొక్కడే.

ఒక ఆదివారం వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"అన్నా, పడమటి కయ్య చూసేవాళ్లు లేరు. బీడు పెట్టేదానికన్నా గుంట తవ్విచ్చేస్తే మేలు గదా? వదినకి ఆదరువుగా ఉంటాది. అంతా నేనే చూసుకుంటా. ఏమంటావు?"

"ఆఁ" అన్నాడు మా ఆయన.

మరిదికి కళ్లనీళ్లు తిరిగాయి. "చూసినావా వదినా, ఒక్క మాటకి ఒప్పుకున్నాడు. ఈ మాటకే గదా అప్పుడు నన్ను ఇంట్లోకి రావద్దన్నాడు."

మౌనం అర్ధాంగీకారం అంటారు. ఇది మౌనం కూడా కాదు, నోరు తెరిచి అన్న మాట. నేనూ సరే అన్నాను. ఒకసారి ఉప్పునీళ్లు పెట్టిన కయ్య మళ్లీ వరికి రాదని నాకు తెలియక కాదు. ఒక మనిషిని లేపి కూర్చోబెట్టడానికే ఒళ్లు చాలడం లేదు, ఇక కయ్యను ఎవరు మోస్తారు? పొక్లెయిను మంగళవారం పొద్దున వచ్చేట్టు మాట్లాడుకున్నారు.

ఆ ముందు రోజు, సోమవారం మధ్యాహ్నం, ఆటలో మా నలుగురూ కొండల నడుమ ఆఖరి బావి దగ్గరికి చేరారు. ఉప్పురాణి బావి గట్టు మీదే కూర్చుని ఉంది. పెద్ద యుద్ధం ఉంటుందనుకున్నాను. ఏమీ లేదు. ఆమె మర్యాదగా మాట్లాడింది. నేను చదివి చెప్పాను.

"ఆఁ గారూ, మీరు చాలా అలిసిపోయారు. దీపం అవ్వకు చూపు పోతోంది. మోతగాడి వీపు వంగిపోయింది. ఈ ఒక్క బావీ నాకు వదిలెయ్యండి. నా కోటలో మీ నలుగురికీ మెత్తని పడకలు వేయిస్తాను. ఇక ఎప్పటికీ లేవాల్సిన పని లేదు. ఒప్పుకుంటారా?"

కింద ఎస్, నో.

నిజం చెప్పాలంటే నాకు ఆమె మాట బాగుంది. మెత్తని పడక అని చదువుతుంటేనే కళ్లు వాలిపోయాయి. "ఏమయ్యా, ఒప్పుకుందామా?" అన్నాను. "ఆఁ" అన్నాడు. బాణం నో మీదికి పోయింది. ఎప్పటిలాగే నేను దాన్ని వెనక్కి లాగి ఎస్ మీద మీట నొక్కేశాను.

బావి నిండా ఉప్పు తెల్లగా పేరుకుపోయింది. నలుగురూ మెత్తని పడకల మీద పడుకున్నారు. లేవలేదు. తెర నల్లబడి, ఆట ముగిసిందని పడింది. మా ఆయన గొంతులోంచి నేనెన్నడూ వినని అరుపు వచ్చింది. ఆఁ, ఆఁ, ఆఁ అని ఒకటే అరుపు. పక్కింటామె కిటికీలోంచి తొంగి చూసి "ఏమైందక్కా" అంది.

ఆటలో ఒక సుఖముంది, వెనక్కి పోవచ్చు. మళ్లీ బావి దగ్గరికి వచ్చాం. మళ్లీ ఉప్పురాణి, మళ్లీ అదే మాట. నేను చదవడం పూర్తికాకముందే బాణం నో మీదికి పోయింది. నా చెయ్యి అటు పోబోతే ఆయన ఎడమ మోచేత్తో దాన్ని నెట్టేశాడు. ఆ బలం ఇన్నాళ్లూ ఎక్కడుందో. వేలు తెల్లబడేట్టు బొడిపెను నొక్కిపట్టాడు. నోరు మాత్రం ఆఁ, ఆఁ అంటూనే ఉంది. కళ్లు నన్ను తినేసేట్టు ఉన్నాయి.

అప్పుడు చూశాను. ఆ ఆటలో బాణం మొదటి నుంచీ ఎస్ మీదే నిలబడి ఉంటుంది. అవునని చెప్పేవాడికి వేలు కదిపే పనే లేదు. ఇన్నాళ్లూ ఆయన కదుపుతూ వచ్చాడు. అది వణుకు కాదు.

"ఏమయ్యా," అన్నాను. "నువ్వు ఆఁ అంటే అవుననేనా?"

నోరు "ఆఁ" అంది. బాణం నో మీంచి కదల్లేదు.

ఉప్పురాణి ముందు కూర్చుని మా ఇంటి సంగతులు మాట్లాడటం నాకు ఇష్టం లేకపోయింది. మళ్లీ వెనక్కి పోయి, కొండ కింద ఉన్న పూటకూళ్ల ఇంటికి తీసుకుపోయాను అందరినీ. అక్కడ పూటకూళ్లమ్మ తలుపు దగ్గర నిలబడి "ఈ రాత్రికి పడుకుని పోతారా?" అని అడుగుతుంది. ఎస్, నో. మీట నొక్కకపోతే ఎంతసేపైనా అట్లాగే నవ్వుతూ నిలబడుతుంది. ఆ నవ్వు ముందు నేను ఆయన్ని ఒక్కొక్కటీ అడిగాను. కాఫీ ఇష్టమేనా అంటే ఎస్. పొద్దున్నే ఉప్మా బాగుంటోందా అంటే నో, నో, నో, బాణం ఊగిపోయింది. పక్షవాతం వచ్చిన దగ్గరనుంచీ ఆ మనిషికి రోజూ ఉప్మా పెట్టాను. ఆఁ అంటున్నాడు గదా అని, వడ్డించిన తర్వాత మారు కూడా వడ్డించాను.

తర్వాత కయ్య సంగతి అడిగాను. "పడమటి కయ్య గుంట తవ్విచ్చేదా?" బాణం నో మీదికి పోయింది. పొరపాటు కాదని చూపించడానికి కాబోలు, ఎస్ మీదికి తెచ్చి, నా మొహం చూసి, మళ్లీ నో మీద పెట్టి ఆపాడు.

మరిదికి ఫోను చేశాను. "రేపు మిషను వద్దు నాయనా. మీ అన్న ఒప్పుకోలేదు."

"ఏంది వదినా ఇది? నీ ముందరే గదా ఆఁ అన్నాడు."

"ఆఁ అంటే అవును కాదంట."

"ఎవురు చెప్పినారు?"

"ఆయనే చెప్పినాడు."

ఫోను పెట్టేశాడు. వదినకు కూడా బుర్ర తిరిగిందనుకుని ఉంటాడు. పొద్దు గూకకముందే బండి వేసుకుని వచ్చాడు. టీవీలో పూటకూళ్లమ్మను చూసి, మా ఆయన చేతిలో రిమోటును చూసి, "అన్న ఈ స్థితిలో ఉంటే బొమ్మలాటలతో తీర్మానాలా వదినా? వేలు ఏదో తగిలుంటాది" అన్నాడు.

"నువ్వే అడుగు. నేను దగ్గరికి కూడా రాను" అని నేను పోయి వంటింటి గడపలో నిలబడ్డాను.

మరిది మంచం అంచున కూర్చున్నాడు. "అన్నా, నేను నీ తమ్ముణ్ణేనా?" అన్నాడు. ఆఁ, బాణం ఎస్ మీద. "నాకు ముగ్గురు కొడుకులు గదా?" అతనికి ఇద్దరూ ఆడపిల్లలే. ఆఁ, బాణం నో మీదికి పోయింది. మరిది మొహం మారింది. "మన నాయన ఉండాడా?" ఆఁ. నో. చివరి ప్రశ్నకు ముందు మంచినీళ్లు అడిగి తాగాడు.

"పడమటి కయ్య తవ్విచ్చేదా అన్నా?"

"ఆఁ" అంది నోరు. బాణం నో మీద నిలబడింది. మరిది లేచాడు. బయటికి పోయి, రేపు రావద్దని మిషనువాళ్లకు ఫోనులో చెప్పడం వినిపించింది. లోపలికి వచ్చి, వెళ్లొస్తానని చెప్పబోయి, గడప దగ్గర ఆగిపోయాడు.

"వదినా, ఆస్పత్రిలో ఒకనాడు నువ్వు లేనప్పుడు అన్నని అడిగినా. నామీద కోపం పోయిందా అన్నా, అని. ఆఁ అన్నాడు. నేను దాంతోనే నిమ్మళంగా ఉండా ఇన్నాళ్లు."

"అయితే ఇప్పుడు అడుగు. ఈడనే ఉండాడు గదా."

అతను టీవీ వైపు చూశాడు. అన్న వైపు చూశాడు. "ఇంకొకనాడు వస్తాలే" అని చెప్పులు వేసుకుని పోయాడు. తర్వాత చాలాసార్లు వచ్చాడు గానీ ఆ మాట మాత్రం అడగలేదు. కయ్యను పక్క రైతుకు, పంటలో వాటా మాకిచ్చేట్టు, కోరుకు ఇచ్చాం, అదీ ఆయన్ని పూటకూళ్లమ్మ ముందు అడిగే. ఉప్మా మానేశాను.

మరిది పోయిన ఆ సాయంత్రం నేను వంటింట్లో చాలాసేపు కూర్చున్నాను. అతను అన్న మాట నన్నూ పట్టుకుంది. నాకూ ఒక ఆఁ ఉంది. ఆస్పత్రిలో ఆయన కళ్లు తెరిచిన మర్నాడు, కుడిపక్క అంతా పోయిందని డాక్టరు చెప్పి వెళ్లాక, ఆయన చెవి దగ్గరికి వంగి అడిగాను. "ఏమయ్యా, బతకాలని ఉండాదా నీకు?" ఆఁ అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను ఆయన్ని. ఒళ్లు విరిగేట్టు ఎత్తి కూర్చోబెట్టిన ప్రతిసారీ, నోట్లో పెట్టింది ఊసేసిన ప్రతిసారీ, ఇక నావల్ల కాదనుకుని నేను ఏడ్చిన ప్రతిసారీ, ఆయన బతకాలన్నాడు గదా అని మళ్లీ లేచాను. ఆ ఆఁ కూడా ఈ ఆఁల్లో ఒకటే గదా. కయ్యను కాపాడుకున్నాను, నిజమే. దానితోపాటు నా కాళ్ల కింద ఉన్న నేలను నేనే తీసేసుకున్నాను.

కాఫీ అడిగాను, తలగడ అడిగాను, నొప్పి ఎక్కడో అడిగాను. ఆ ఒక్కటి తప్ప అన్నీ అడిగాను. నో అంటాడేమోనని భయం. అంటే నేను ఏం చెయ్యాలి? రేపు పొద్దున ఏ మొహంతో ఆయన్ని లేపాలి? ఆటలో ఉప్పురాణికి నో అన్నాడు కదా అని నాకు నేను చెప్పుకునేదాన్ని. అది ఆట. మెత్తని పడక వద్దనడం జడలమ్మాయికి తేలిక, ఆమెకు రెండు చేతులూ ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం స్నానం చేయిస్తుంటే ఇద్దరం కాలుజారి బాత్రూములో కూలబడ్డాం. దెబ్బలేమీ తగల్లేదు. లేవడానికి మాత్రం ఇద్దరికీ ఓపిక లేదు. తడి నేల మీద ఆయన తల నా ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఎట్లాగో లేపి, తుడిచి, మంచం మీదికి చేర్చాక, టీవీ పెట్టాను. పూటకూళ్లమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

సూటిగా అడగడానికి నోరు రాలేదు. తిప్పి అడిగాను.

"ఏమయ్యా. ఇంక చాలు, పోదామనిపిస్తా ఉండాదా నీకు?"

"ఆఁ" అంది నోరు.

నేను తెర వైపు చూడలేదు. ఆయన చేతినే చూశాను. బొటనవేలు కదిలింది. అవునని చెప్పేవాడికి వేలు కదిపే పని లేదు. కదిలింది, పక్కకు పోయింది, అక్కడే ఆగింది. తలెత్తి చూస్తే బాణం నో మీద ఉంది.

ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఆయన నన్ను చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, "నాకు మాత్రం ఒళ్లు కూలిపోతా ఉండాదయ్యా. రొంతసేపు పడుకునేదా?" అన్నాను.

"ఆఁ" అన్నాడు. బాణం మెల్లగా ఎస్ మీదికి వచ్చింది.

మీట నొక్కాను. పూటకూళ్లమ్మ దీపం తగ్గించింది. దీపం అవ్వ, దొంగ, మోతగాడు, ఆఁ గారు, నలుగురూ మంచాల మీద వాలారు. వాళ్లు పొద్దున్నే లేస్తారు. నేను ఆయన మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నాను.